రెండు చేతుల కాల్షియం

హైదరాబాద్‌లో నిజాంపేట, బాచుపల్లి వైపు కొత్త ఫ్లాట్లలోకి మారినవాళ్లు ముందు జుట్టు గురించి అడుగుతారు, తర్వాత గీజర్ గురించి. నాకు మాత్రం కందిపప్పు ప్రశ్నంటే ఇష్టం. పాత ఇంట్లో మూడు విజిల్స్‌కే మెత్తబడిన పప్పు, అదే కుక్కర్లో ఇక్కడ ఆరు విజిల్స్ వచ్చినా పలుకు పలుకుగానే ఎందుకు ఉంటోంది?

బోరు నీళ్లు కాబట్టి. ఆ సంగతి అందరికీ తెలుసు. ఆ నీళ్లు పప్పును ఏం చేస్తున్నాయన్నదే అసలు విషయం.

బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువగా కరిగి ఉంటుంది. అలా కరిగిన కాల్షియం అయానుకు (అంటే ఆవేశమున్న పరమాణువుకు) రెండు ధనావేశాలుంటాయి. వాటిని రెండు చేతులనుకోండి. ఉప్పులోని సోడియానికి ఒకే చెయ్యి. పప్పుగింజలో కణాన్ని కణంతో అతికించే జిగురు పెక్టిన్. అది పొడవాటి గొలుసుల్లా ఉంటుంది, గొలుసు పొడవునా రుణావేశాలుంటాయి. పప్పు ఉడకడమంటే వేడికి ఈ జిగురు కరిగి కణాలు విడిపోవడమే. సోడియం ఒక గొలుసును పట్టుకుందంటే దాని చెయ్యి నిండిపోయినట్టే, పక్క గొలుసుతో దానికి పనిలేదు. కాల్షియం అలా కాదు. ఒక చేత్తో ఈ గొలుసును, రెండో చేత్తో పక్కదాన్ని పట్టుకుంటుంది. అలా వరసగా పట్టేసుకున్నాక జిగురు ఓ పట్టాన కరగదు.

చిటికెడు వంటసోడా వేస్తే పప్పు ఉడకడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. వేడికి సోడా కార్బొనేటుగా మారి కాల్షియాన్ని లాగేసుకుంటుంది, పైగా క్షారంలో పెక్టిన్ తొందరగా తెగుతుంది. బి1 విటమిన్ కూడా కొంత పోతుందనుకోండి. పప్పు ఉడికాకే చింతపండు పులుసు పోసే మన అలవాటు కూడా రసాయనశాస్త్రమే. పులుపులో పెక్టిన్ తెగడం నెమ్మదిస్తుంది. నీళ్లలో ఇలా కాల్షియం లాంటివి ఎక్కువగా ఉండడాన్నే కాఠిన్యత అంటారు. మన పాఠ్యపుస్తకాలు తాత్కాలిక కాఠిన్యత, శాశ్వత కాఠిన్యత అని నిర్వచనాలు బట్టీ పట్టించి వదిలేస్తాయి. పప్పు గిన్నె ముందు పెట్టుకుని చెబితే ఏ పిల్లాడైనా మరిచిపోతాడా?

ఇక సబ్బు. సబ్బు అణువు సోడియం చెయ్యి వదిలి నీళ్లలోకి వస్తుంది. కాల్షియం చేతికొకటి చొప్పున రెండు సబ్బు అణువుల్ని పట్టుకుని, కరగని తెల్లటి తెట్టుగా మారిపోతుంది. బకెట్ అంచున జిడ్డుగా పట్టేది ఇదే. నీళ్ల కాఠిన్యత లీటరుకు 400 మిల్లీగ్రాములు అనుకుందాం (కాల్షియం కార్బొనేట్ లెక్కన, మన ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 200 దాకా మంచిది, వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు). అంటే లీటరులో 4 మిల్లీమోల్స్ (మోల్ అంటే అణువుల్ని లెక్కబెట్టే కొలత). చేతికొకటి చొప్పున వాటికి 8 మిల్లీమోల్స్ సబ్బు కావాలి. సబ్బులోని సోడియం స్టియరేట్ అణుభారం 306 కాబట్టి లీటరుకు దాదాపు రెండున్నర గ్రాములు. పదిహేను లీటర్ల బకెట్లో బట్టలు నానబెడితే, నురగ మొదలవకముందే దాదాపు 37 గ్రాముల సబ్బు వృథా! డిటర్జెంట్ పొడులకు ఇంత బాధ లేదు, వాటిలో కాల్షియాన్ని కట్టేసే పదార్థాలు కలుపుతారు. తలకు సబ్బు రుద్దితే ఆ తెట్టే వెంట్రుకల మీద పేరుకుని జుట్టు బిరుసెక్కుతుంది. కుదుళ్ల నుంచి ఊడిపోవడానికి మాత్రం నీళ్లే కారణమనడానికి గట్టి ఆధారం లేదు.

హైదరాబాద్ కింద ఉన్నది సున్నపురాయి కాదు, గ్రానైట్. మరి కాల్షియం ఎక్కడిది? గ్రానైట్‌లోని ఫెల్డ్‌స్పార్ ఖనిజంలోది. మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని పుల్లబడ్డ వాననీరు రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి, దాన్ని కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. గీజర్లో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు: వేడికి కార్బన్ డయాక్సైడ్ తప్పించుకుంటుంది, కాల్షియం రెండు చేతులతోనూ ఒకే కార్బొనేటును పట్టుకుని రాయిగా మారుతుంది. రాగితో పోలిస్తే ఈ పెచ్చు వేడిని వందో వంతు కూడా మోయలేదు. వేడి నీళ్లకు అందక కాయిల్‌లోనే నిలిచిపోతుంది, చివరికి కాయిల్ మాడిపోతుంది. కెటిల్‌లో పట్టిన తెలుపు మీద నిమ్మరసం పిండితే బుసబుస పొంగేది ఆ కార్బన్ డయాక్సైడే. పాలరాతి గట్టు మీద మాత్రం పిండకండి, అదీ కాల్షియం కార్బొనేటే.

పటిక తిప్పినా, చిల్లగింజ అరగదీసినా మట్టి తేరుకుంటుంది గానీ కాఠిన్యత పోదు. ఆర్వో అమ్మేవాళ్ల గారడీ ఒకటుంది: మీ గ్లాసులో రెండు కడ్డీలు పెట్టి కరెంటిస్తారు, నీళ్లు తుప్పు రంగులోకి తిరుగుతాయి. 'చూశారా మేడమ్, మీరు తాగే విషం!' అది నీళ్లలోని విషం కాదు, వాళ్ల ఇనుప కడ్డీ కరిగి వచ్చిన తుప్పు. లవణాలు లేని నీళ్లలో కరెంటు సరిగా పారదు కాబట్టి వాళ్ల ఆర్వో నీళ్ల గ్లాసు తేటగా ఉంటుంది. దాంట్లో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ పెట్టమనండి.

కాఠిన్యత తీసే యంత్రం సాఫ్ట్‌నర్‌ది వేరే పద్ధతి. అందులోని రెజిన్ పూసలు ఒక్కో కాల్షియాన్ని పట్టుకుని రెండు సోడియాల్ని వదులుతాయి. 400 కాఠిన్యత మొత్తం తీసేస్తే లీటరుకు 184 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. బీపీ ఉన్నవాళ్లు ఆ నీళ్లు తాగకపోవడం మేలు. 20 గ్రాముల కాల్షియం పోయినచోట 23 గ్రాముల సోడియం వస్తుంది కాబట్టి టీడీఎస్ (నీళ్లలో కరిగిన పదార్థాల మొత్తం) తగ్గదు, కాస్త పెరుగుతుంది. మీటరు పట్టుకుని అసోసియేషన్ మీటింగులో గొడవపడేవాళ్లకు ఈ లెక్క తెలియదు. సాఫ్ట్‌నర్ పనిచేస్తోందో లేదో చూడాలంటే సీసాలో ఆ నీళ్లు పోసి, కాస్త సబ్బు గీరి వేసి ఊపండి. నురగ రాకుండా తెట్టు కట్టిందంటే రెజిన్‌కు ఉప్పునీళ్లు పట్టించే వేళయిందన్నమాట.