తవుడుతో బిస్కెట్లు చేసిన రసాయనవేత్త

ఫిలిప్పీన్స్‌లో వేయించిన కోడిమాంసం పక్కన వడ్డించే ఎర్రటి కెచప్‌లో తరచుగా టొమాటో ఉండదు. సబా అనే రకం అరటిపండును మెదిపి, వెనిగర్, పంచదార, మసాలా దినుసులు వేసి ఉడికించి, ఎర్రరంగు కలుపుతారు. పండులోని పిండిపదార్థం దానికి చిక్కదనాన్నిస్తే, వెనిగర్ పులుపు సూక్ష్మజీవులను పెరగనివ్వదు. ఈ కెచప్‌కు ఆద్యురాలిగా ఆ దేశం చెప్పుకునే మరియా ఒరోసా మన పాఠకులకు అంతగా పరిచయం లేని శాస్త్రవేత్త. నా దృష్టిలో ఆమె చేసిన పనుల్లో కెచప్ చిన్నది, తవుడుతో చేసిన పని పెద్దది.

ఆమె 1893లో బటాంగస్ ప్రాంతంలోని తాల్ పట్టణంలో పుట్టారు. 1916లో సముద్రం దాటి అమెరికాలోని సియాటిల్ చేరి, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఫార్మసీ, ఔషధ రసాయన శాస్త్రం, ఆహార రసాయన శాస్త్రం చదివారు. చదువు ఖర్చుల కోసం వేసవి సెలవుల్లో అలాస్కా వెళ్లి, చేపలను డబ్బాల్లో నింపే కర్మాగారాల్లో పనిచేశారు. ఆహారాన్ని నిలవచేసే విద్యలో సగం ఆమెకు అక్కడే పట్టుబడి ఉంటుందని నాకనిపిస్తుంది. 1922లో స్వదేశానికి తిరిగి వచ్చి, తరవాత మనీలాలోని బ్యూరో ఆఫ్ సైన్స్ అనే ప్రభుత్వ ప్రయోగశాలలో చేరారు.

తవుడుకు ఆ ప్రయోగశాలతో అంతకు ముందే సంబంధం ఉంది. 1910 నుంచి రాబర్ట్ విలియమ్స్ అనే రసాయనవేత్త అక్కడ తవుడు నుంచి తీసిన సారంతో బెరిబెరి అనే జబ్బుకు మందు వెతికారు. ఆయనే 1936లో ఆ మందును, అంటే థయమిన్ అనే బి1 విటమిన్‌ను, కృత్రిమంగా తయారుచేసి చూపించారు. పిండిపదార్థం నుంచి శక్తిని రాబట్టాలంటే ఒంటికి థయమిన్ కావాలి. అన్నం ఎంత ఎక్కువ తింటే దాని అవసరమూ అంత పెరుగుతుంది. బియ్యంలో అది ఎక్కువగా ఉండేది గింజ పైపొరలోనూ మొలకలోనూ కాబట్టి, మర ఆ రెంటినీ గీకేసి బియ్యాన్ని తెల్లగా మెరిపించినప్పుడు, వేరే కూరానారా అంతగా లేని పేదవాడి నరాలూ గుండే దెబ్బతింటాయి, తల్లిపాలలోనూ అది కొరవడి పసిబిడ్డలు చనిపోతారు. మన ఉత్తర సర్కారు జిల్లాలనూ పీడించిన జబ్బే ఇది. పైగా థయమిన్ నీటిలో కరిగిపోతుంది. తవుడూ బియ్యం కడిగిన నీళ్లూ కలిసి కుడితి తొట్టిలో చేరే ఇంట్లో, మనుషులకంటే గేదెకే థయమిన్ బాగా అందుతుందన్నమాట.

ఫిలిప్పీన్స్‌లో దరాక్ అని పిలిచే తవుడును ఒరోసా బిస్కెట్లుగా మార్చారు. చెప్పినంత సులువైన పని కాదది. గింజ పైపొర చితకగానే లైపేజ్ అనే ఎంజైమ్ అందులోని నూనెను విడగొట్టడం మొదలుపెడుతుంది, తవుడు త్వరగా ముక్కిపోతుంది. వెంటనే వేడి తగిలిస్తే ఎంజైమ్ పనిచేయడం మానేస్తుంది, తవుడు నిలవ ఉంటుంది. కరెంటు లేని పల్లెలో ఓవెన్ మాటేమిటంటే, దానికీ ఆమె మట్టికుండతోనే జవాబు చెప్పారు: పలాయోక్ అనే వంటకుండకు లోపల రేకు అమర్చి, బొగ్గుల సెగ మీద రొట్టెలు కాల్చుకునే ఓవెన్‌గా మలిచారు. పల్లె స్త్రీల సంఘాలు పెట్టించి, ఆహారం నిలవచేయడం, కోళ్లు పెంచడం, కడుపు నిండే భోజనం పొందికగా అమర్చుకోవడం వంటివి నేర్పించారు.

జపాన్ సైన్యం మనీలాను ఆక్రమించాక ఆ వంటగది శాస్త్రమే ఆయుధమైంది. సోయా గింజల నుంచి ఆమె సోయాలాక్ అనే పొడి తయారుచేశారు. పచ్చి సోయాలో ప్రొటీన్ జీర్ణం కాకుండా అడ్డుకునే పదార్థాలు ఉంటాయి. వేడి వాటిని చాలావరకు నశింపజేస్తుంది. ఆ పొడిని బోలు వెదురుబొంగుల్లో దాచి, వడ్రంగుల చేత సాంటో తోమాస్ విశ్వవిద్యాలయంలో నిర్బంధంలో ఉన్న విదేశీ పౌరులకు చేరవేయించారు. అప్పటికి ఆమె గెరిల్లా దళంలో కెప్టెన్ కూడా.

1945 ఫిబ్రవరి 13న, అమెరికా సేనలు మనీలాను తిరిగి పట్టుకునే పోరులో, ఫిరంగి గుండు శకలం తగిలి గాయపడిన ఆమెను మలాటెలోని రెమెడియోస్ ఆసుపత్రికి తీసుకువెళ్లారు. ఆ ఆసుపత్రి మీదా గుండ్లు పడ్డాయి. ఈసారి శకలం గుండెలో దిగింది. అదే ఆవరణలో పాతిపెట్టారు. అక్కడ ఇప్పుడు బడి ఉంది. ఆమె పేరు చెక్కిన సమాధి రాయి 2020లో ఆ బడి స్థలంలో బయటపడింది.