పాతకాలపు పాఠకులు రాసిపెట్టుకున్న మాటలు: అపోహలు - వాస్తవాలు

పుస్తకాల చరిత్ర అనగానే అందరికీ రచయితలు, అచ్చువేసినవాళ్లు గుర్తొస్తారు. నా పని మాత్రం చదివినవాళ్లతో. వందల ఏళ్ల కిందట ఒక పుస్తకాన్ని కొనుక్కునో అరువు తెచ్చుకునో చదివినవాళ్లు దాని గురించి ఏం రాసిపెట్టారో వెతుకుతాం. ఆ రాతలు మార్జిన్లలో, డైరీల్లో, ఉత్తరాల్లో, అప్పుడప్పుడు కోర్టు రికార్డుల్లో కూడా దొరుకుతాయి. వీటి గురించి నేను తరచూ వినే అపోహలు చాలావరకు ఒకే చోట పుడతాయి: పాఠకుడు రాసిందంతా అతని మనసులోంచి నేరుగా వచ్చిందని నమ్మేయడం. ఆ రాత ఎవరి కోసం, ఏ అవసరం కోసం అన్నది ముందు తేల్చుకోవాలి.

అపోహ: పూర్వం పుస్తకాన్ని పవిత్రంగా చూసుకునేవారు, అందులో గీతలు గీసేవారు కాదు.

వాస్తవం: 16వ శతాబ్దపు ఐరోపాలో కలం చేతపట్టి చదవడం చదువులో భాగం. ముఖ్యమైన వాక్యం పక్కన వేలు చూపిస్తున్న చెయ్యి బొమ్మ వేసేవారు. నచ్చిన వాక్యాలను విషయాలవారీగా నోటుపుస్తకంలోకి ఎక్కించుకునేవారు. మచ్చలేని పేజీల మీద మోజు తర్వాతి కాలపు సేకర్తలది. 19వ శతాబ్దంలో పాత రాతలను పనిగట్టుకుని కడిగించారు. బైండింగ్ చేసేటప్పుడు అంచులు కత్తిరిస్తే సగం మాటలు వాటితోపాటే పోయాయి. అందుకే తెల్లగా ఉన్న మార్జిన్‌ను చూసి 'ఇది ఎవరూ చదవలేదు' అని మేం అనుకోం.

అపోహ: కొన్ని గొప్ప పుస్తకాలు పేరుకే గొప్పవి, వచ్చిన కాలంలో వాటిని ఎవరూ చదవలేదు.

వాస్తవం: దీనికి కోపర్నికస్‌ను మించిన ఉదాహరణ లేదు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతోందని చెప్పిన ఆయన గ్రంథం 1543లో అచ్చయింది. 1959లో రచయిత ఆర్థర్ కోస్ట్లర్ దాన్ని 'ఎవరూ చదవని పుస్తకం' అన్నాడు, ఆ మాట బాగా పాకిపోయింది. 1970లో ఖగోళ చరిత్రకారుడు ఓవెన్ జింజరిచ్ ఎడింబరోలో ఒక ప్రతి తెరిచి చూస్తే, మొదటి నుంచి చివరి దాకా నోట్సే! రాసినవాడు ఎరాస్మస్ రైన్‌హోల్డ్, విట్టెన్‌బర్గ్‌లో గణితం చెప్పిన ప్రొఫెసర్. అక్కడి నుంచి జింజరిచ్ సుమారు మూడు దశాబ్దాలు తిరిగి, 1543, 1566 ముద్రణలవి దాదాపు 600 ప్రతులు వెతికి పట్టుకున్నాడు. చదివినవాళ్లు కావలసినంతమంది తేలారు.

నాకు మరీ ఇష్టమైనది రైన్‌హోల్డ్ తన ప్రతి మొదటి పేజీ మీద రాసుకున్న వాక్యం. ఆకాశంలోని చలనం ఏకరీతిగా, వృత్తాకారంగా ఉంటుందనీ, లేదా అలాంటి చలనాల కలయికగా ఉంటుందనీ దాని సారాంశం. సూర్యుడి ఊసే లేదు. మనం ఇవాళ విప్లవం అని చెప్పుకునే అధ్యాయాల దగ్గర అతని నోట్సు పలచగా ఉండి, లెక్కలు కష్టమయ్యే చోట చిక్కబడతాయి. అంటే పుస్తకాన్ని శ్రద్ధగా చదివాడు, కానీ మనం చదివే పుస్తకాన్ని కాదు. లెక్క కట్టే పద్ధతి కోసం వెళ్లాడు, అది తీసుకుని బయటికొచ్చాడు.

రోమ్‌లోని కాథలిక్ చర్చి 1620లో ఈ పుస్తకానికి దిద్దుబాట్లు ప్రకటించి, ఫలానా వాక్యాలు కొట్టెయ్యమని చెప్పింది. ఇటలీలో ఉన్న ప్రతుల్లో సగానికి పైగా ఆ కొట్టివేతలు ఉన్నాయి. ఇటలీ దాటితే ఆ ఆజ్ఞను పాటించినవాళ్లు బహు తక్కువ. ఈ సంగతి ఆజ్ఞాపత్రం చదివితే తెలియదు, పుస్తకాలే తెరవాలి.

అపోహ: మార్జిన్‌లో ఉన్న మాట ఆ పాఠకుడి సొంత అభిప్రాయం.

వాస్తవం: జింజరిచ్ చూసిన ప్రతుల్లో ఒకే నోట్సు వేర్వేరు చేతిరాతల్లో మళ్లీ మళ్లీ కనిపించింది. గురువు ప్రతిలోంచి శిష్యులు ఎక్కించుకున్నారన్నమాట. చేతిరాతను గుర్తుపట్టడం కూడా తేలిక కాదు. వాటికన్ ప్రతిలోని నోట్సు ఖగోళ శాస్త్రజ్ఞుడు టైకో బ్రాహీవని మొదట అనుకున్నారు. అదే చేతిరాత ఇంకొన్ని ప్రతుల్లో దొరికాక అవి పాల్ విట్టిష్ అనే గణితజ్ఞుడివని తేలింది.

పైగా చదవడం అన్నిసార్లూ ఒంటరి పని కాదు. ఇంగ్లండ్ పండితుడు గేబ్రియల్ హార్వే, ప్రాచీన చరిత్రకారుడు లివీ రాసిన రోమన్ చరిత్ర తన ప్రతిని ఏళ్ల తరబడి నోట్సుతో నింపాడు. ఇంగ్లిష్ కవి ఫిలిప్ సిడ్నీ 1577లో పవిత్ర రోమన్ చక్రవర్తి రుడాల్ఫ్ దగ్గరికి రాయబారిగా వెళ్లేముందు ఇద్దరూ కలిసి ఆ పుస్తకం చదివిన సంగతి అందులోనే ఉంది. రాజకీయాల్లోకి దిగబోయే మనిషికి రోమ్ చరిత్ర ఎలా పనికొస్తుందన్నదే ఆ చదువు.

అపోహ: ఒకరి లైబ్రరీ చూస్తే వాళ్లు ఏం చదివారో తెలిసిపోతుంది.

వాస్తవం: లండన్ ఉద్యోగి శామ్యూల్ పీప్స్ తన లైబ్రరీని ఎంతో శ్రద్ధగా పేర్చుకున్నాడు, అది ఇప్పటికీ కేంబ్రిడ్జిలో భద్రంగా ఉంది. కానీ 1668 ఫిబ్రవరిలో అతను ఒక ఫ్రెంచ్ బూతు పుస్తకం కొన్నాడు. చదివాక ఎలాగూ కాల్చేస్తానని కావాలనే సాదా బైండింగ్‌ది తీసుకున్నాడు. మర్నాడు చదివాడు, కాల్చేశాడు. తన పుస్తకాల మధ్య అది కనిపిస్తే పరువు పోతుందని డైరీలో తనే రాసుకున్నాడు. ఆ డైరీ షార్ట్‌హ్యాండ్‌లో ఉంది కాబట్టి ధైర్యం చేశాడు. కేటలాగ్ మాత్రమే మిగిలి ఉంటే ఈ చదువు జరిగినట్టే మనకు తెలిసేది కాదు.

'హ్యుడిబ్రాస్' అనే వ్యంగ్య కావ్యంతో ఇంకో తమాషా నడిచింది. 1662 డిసెంబర్‌లో రెండున్నర షిల్లింగులు పెట్టి కొని, అర్థంలేనిదిగా తోచి, అదే రోజు ఒకటిన్నర షిల్లింగుకు అమ్మేశాడు. ఫిబ్రవరిలో మళ్లీ కొన్నాడు. లోకమంతా మెచ్చుకుంటుంటే తనకు నచ్చకపోవడం తన లోపమేమోనని బెంగ. ఒక పాఠకుడి అభిరుచి మీద చుట్టుపక్కలవాళ్ల మాట ఎంత బరువు వేస్తుందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి సాక్ష్యం తెలియదు.

అపోహ: మామూలు జనం చదివినదానికి ఆనవాళ్లే లేవు.

వాస్తవం: తక్కువే, కానీ ఉన్నాయి. ఇటలీలోని ఫ్రియులి ప్రాంతపు మిల్లరు మెనోక్కియోను మతవిచారణ కోర్టు 1584లో, మళ్లీ 1599లో విచారించింది. నువ్వేం చదివావు అని అడిగారు, చెప్పాడు, గుమాస్తాలు రాసుకున్నారు. చరిత్రకారుడు కార్లో గింజ్‌బర్గ్ ఆ జవాబులను అసలు పుస్తకాల పక్కన పెట్టి చూస్తే, పుస్తకంలో చిన్నగా ఉన్న మాట మెనోక్కియో నోట్లో పెద్దదైపోవడం కనిపించింది. అయితే ఇది ప్రాణభయంతో చెప్పిన సాక్ష్యం. చివరికి అతనికి మరణశిక్షే పడింది. అందుకే ఈ రికార్డులో ప్రతి వాక్యాన్నీ ప్రశ్నతో కలిపే చదువుతాం.

అపోహ: అంతగా రాసుకున్నవాళ్లకు జ్ఞాపకశక్తి అమోఘం.

వాస్తవం: 16వ శతాబ్దపు ఫ్రెంచ్ వ్యాసకర్త మొంటేన్ చెప్పింది సరిగ్గా దీనికి విరుద్ధం. కొన్నేళ్ల కింద శ్రద్ధగా చదివి, నోట్సు రాసిన పుస్తకాన్నే కొత్తదనుకుని మళ్లీ చేతిలోకి తీసుకున్న సందర్భాలు ఉన్నాయట. అందుకని పుస్తకం చివర ముగించిన తేదీ, మొత్తంమీద తన అభిప్రాయం రాయడం అలవాటు చేసుకున్నాడు. ఇటలీ చరిత్రకారుడు గిచ్చార్దిని పుస్తకం చివర రాసుకున్నదాన్ని తన వ్యాసంలోనే చేర్చాడు: ఇన్ని పనులను తూకం వేసిన ఈ చరిత్రకారుడు ఒక్కదానికైనా ధర్మమో మనస్సాక్షో కారణమని చెప్పలేదని ఫిర్యాదు.

అపోహ: అన్నీ స్కాన్ అయిపోయాయి, ఇక పాత ప్రతులతో పనేముంది?

వాస్తవం: చాలాసార్లు స్కాన్ అయ్యేది ఒక్క ప్రతే, అదీ వీలైనంత శుభ్రంగా ఉన్నది. రైన్‌హోల్డ్ నోట్సు అతని ప్రతిలోనే ఉంది. మీ దగ్గర పాత పుస్తకాలుంటే పెన్సిలు రాతలు చెరపకండి. పేర్లు, తేదీలు ఉన్న మొదటి, చివరి కాగితాలను చింపకండి. రీబైండింగ్‌కు ఇచ్చేముందు అన్ని మార్జిన్లూ ఫోటో తీసుకుని, అంచులు కత్తిరించవద్దని గట్టిగా చెప్పండి.