బియర్డెడ్ డ్రాగన్‌కు ఆయాసం వస్తే: మందు కంటే ముందు వేడి

బల్బు కింద రాయి మీద పడుకుని నోరు కాస్త తెరిచి ఉంచిన బియర్డెడ్ డ్రాగన్ అనే పెంపుడు బల్లిని చూసి కంగారు పడక్కర్లేదు. ఒళ్లు చాలినంత వేడెక్కాక, ఎక్కువైన వేడిని అది అలాగే బయటికి పంపుతుంది. అదే జీవి ట్యాంకులో చల్లటి మూలకు చేరాక కూడా నోరు తెరిచే గాలి పీలుస్తున్నా, తెల్లవారి బల్బు వెలగకముందే నోరు తెరిచి కనిపించినా సంగతి వేరు. ముక్కు దగ్గర బుడగలు, నోటి అంచున జిగురు తీగలు, ఊపిరి తీస్తుంటే చిటపటమనే చప్పుడు, నల్లబడిన గడ్డం, తిండి మీద అయిష్టం వీటికి తోడైతే శ్వాసకోశంలో జబ్బు ఉందనే అనుకోవాలి. మెడ పైకి చాచి డొక్కలెగరేస్తోందంటే జబ్బు బాగా ముదిరింది. ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

ఇంత ముదిరేదాకా బయటపడకపోవడానికి కారణం దాని ఒంటి తీరులోనే ఉంది. ఊపిరితిత్తులకూ కడుపుకూ మధ్య మనకుండే కండరపు పొర, ఉదరవితానం, దీనికి లేదు. పక్కటెముకల మధ్య కండరాలతోనే గాలి లోపలికి లాగాలి, బయటికి నెట్టాలి. అందుకే గట్టిగా దగ్గి కఫాన్ని బయటికి తోయలేదు. ఊపిరితిత్తులు సంచుల్లాంటివి కాబట్టి అడుగుకు జారిన జిగురు అక్కడే నిలిచిపోతుంది. పైగా సరీసృపాల్లో చీము పల్చగా కారదు. దాన్ని కరిగించే ఎంజైములు వాటి తెల్లకణాల్లో కొరవడడంతో పనీర్ తురుములా గట్టిపడి గడ్డకడుతుంది. మందు రక్తంలోకి చేరినా ఆ గడ్డల లోపలికి పోవడం కష్టం. ఇక ఆక్సిజన్ తగ్గినా కొంతకాలం ఓర్చుకునే శక్తి బల్లి జాతి జీవులకు ఉంది. కాబట్టి యజమాని కంటికి ఆయాసం కనిపించేనాటికి లోపల చాలా జరిగిపోయి ఉంటుంది.

మన పెరట్లో తిరిగే తొండ, ఈ బియర్డెడ్ డ్రాగన్ ఒకే కుటుంబానివి, అగామిడే. అయితే తొండ మన వానలకు అలవాటు పడింది. పోగోనా విట్టిసెప్స్ అనే ఈ జాతి తూర్పు, మధ్య ఆస్ట్రేలియాలోని ఎండు మైదానాలది. పగలు మండే ఎండ, పొడి గాలి దాని సొంత వాతావరణం. హైదరాబాద్‌లో వానాకాలం గాలిలో తేమ 70 శాతం దాటడం మామూలే, విశాఖ తీరంలో ఏడాది పొడవునా ఉక్కే. ఈ డ్రాగన్‌కు కావలసిన తేమ మాత్రం 30 నుంచి 40 శాతం. కొద్ది రోజులు 60 శాతం ఉన్నంత మాత్రాన ఆరోగ్యంగా ఉన్న జంతువుకు జబ్బు రాదు. తేమకు చలి తోడైనప్పుడే వస్తుంది. వానాకాలం రాత్రి ఏసీ గదిలో పెట్టిన ట్యాంకు, కరెంటు పోయి ఆరిపోయిన బల్బు, డిసెంబరు రాత్రి కిటికీ పక్కన గాజు పెట్టె, ఇవీ అసలు దోషులు. న్యూజెర్సీలోనో షికాగోలోనో పెంచుకునే తెలుగువారికి చలికాలం హీటింగ్ ఆగిపోయిన రాత్రి కూడా అలాంటిదే.

చలి ఎందుకంత చెరుపు చేస్తుందో అర్థమైతే వైద్యం సగం అర్థమైనట్టే. మనకు జ్వరం లోపలి నుంచి వస్తుంది. బల్లి జాతి జీవికి ఒంట్లో వేడి పుట్టించుకునే ఏర్పాటు లేదు, అది వేడి ఉన్న చోటికి నడిచి వెళ్లి జ్వరం తెచ్చుకోవాలి. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో మాథ్యూ క్లూగర్, ఆయన సహచరులు 1974లో దీన్ని ఎడారి ఇగ్వానాలనే బల్లుల్లో చూపించారు. చంపిన బ్యాక్టీరియాను ఎక్కించిన ఇగ్వానాలు మామూలు కంటే సుమారు 2 డిగ్రీలు ఎక్కువ వేడి ఉన్న చోటు వెతుక్కున్నాయి. మరుసటి ఏడాది బతికున్న బ్యాక్టీరియా ఎక్కించి, 34 నుంచి 42 డిగ్రీల సెల్సియస్ మధ్య వేర్వేరు వేడుల్లో ఉంచి చూశారు. వేడిగా ఉన్నవి ఎక్కువగా బతికాయి, 34 దగ్గర ఉన్నవి ఎక్కువగా చచ్చిపోయాయి. ఎడారి ఇగ్వానా మరో కుటుంబానిదే అయినా, చల్లరక్తపు జీవి రోగంతో పోరాడే తీరు ఇదే. తెల్లకణాల కదలిక, జీర్ణం, మందు ఒంట్లో కలిసి బయటికి పోవడం అన్నీ ఆ వేడి మీదే ఆధారపడతాయి. చల్లటి ట్యాంకులో ఎంత ఖరీదైన యాంటీబయాటిక్ ఇచ్చినా పూర్తిగా పనిచేయదని మొహమాటం లేకుండా చెప్పాలి.

కాబట్టి మొదటి పని థర్మామీటరు చూడడం. గాజుకు అంటించే గుండ్రటి ముల్లు మీటర్లను నమ్మకండి, అవి చాలాసార్లు నాలుగైదు డిగ్రీలు తేడా చూపిస్తాయి. తీగ చివర ప్రోబ్ ఉండే డిజిటల్ మీటర్లు రెండు కొని, ఒకటి వేడి వైపు, ఒకటి చల్లటి వైపు జంతువు ఒళ్లు ఉండే ఎత్తులో పెట్టండి. రాయి పైభాగాన్ని ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో కొలవాలి. ఎండ కాగే రాయి మీద 38 నుంచి 42 డిగ్రీలు, అంటే ఫారెన్‌హీట్‌లో 100 నుంచి 108 ఉండాలి. చల్లటి వైపు గాలి 24 నుంచి 28. ఆరోగ్యంగా ఉంటే రాత్రి 20కి దిగినా ఫరవాలేదు. ఊపిరి జబ్బు ఉన్నన్నాళ్లూ మాత్రం రాత్రి 25 నుంచి 28 మధ్య నిలపండి. అందుకు వెలుగు ఇవ్వని సిరామిక్ హీటరు, దాని వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ కావాలి. ఎర్ర బల్బు రాత్రంతా వెలిగిస్తే జంతువు నిద్ర చెడుతుంది. కరెంటు పోయే ఊళ్లో సిరామిక్ హీటరును ఇన్వర్టరు లైనుకు కలపడం అవసరం. దానికి 100 వాట్ల దాకా పడుతుంది, బ్యాటరీ ఎంతసేపు మోస్తుందో ముందే లెక్క చూసుకోండి.

వేడి మంచిదన్నాం కదా అని ట్యాంకంతా కాల్చేయకూడదు. నీరసించిన జంతువు బల్బు కింద నుంచి లేచి పక్కకు పోలేక అక్కడే మాడిపోవచ్చు. రాయి వేడిని 38, 39 దగ్గర ఉంచి, అది తనంతట తాను చల్లటి వైపుకు జరుగుతోందో లేదో గంట గంటకూ చూడండి. జరగకపోతే చేత్తో జరపండి. అతినీలలోహిత కిరణాలిచ్చే యూవీబీ ట్యూబు రోజుకు 12 గంటలు యథావిధిగా వెలగాలి, జబ్బుగా ఉందని ఆర్పేయకూడదు.

ఇసుక, కొబ్బరి పీచు పొడి, మరేదైనా దుమ్ము లేచే పరుపు తీసేసి టిష్యూ పేపరు పరచండి. మలం రంగు, నోటి నుంచి పడ్డ జిగురు తెల్లటి కాగితం మీద వెంటనే కనిపిస్తాయి. పెద్ద నీళ్ల గిన్నె తీసేయండి. ఇంట్లో మరో డ్రాగన్ ఉంటే వేరే గదిలో పెట్టి, జబ్బు లేనిదాని పని ముందు, జబ్బు ఉన్నదాని పని తర్వాత చేసి చేతులు కడుక్కోండి. వంటింటి డిజిటల్ కాటా మీద ప్రతి ఉదయం ఒకే వేళకు బరువు తూచి రాసిపెట్టండి. పెద్దది సాధారణంగా 350 నుంచి 500 గ్రాములుంటుంది. 400 గ్రాముల జంతువు 360కి దిగిందంటే పదో వంతు పోయినట్టు.

ఇక్కడే చాలామంది ప్రేమతోనే హాని చేస్తారు. తిండి తినడం లేదని సిరంజితో నోట్లోకి కూర గుజ్జు చిమ్ముతారు. బల్లి జాతి జీవుల్లో శ్వాసనాళపు ద్వారం నాలుక మొదట్లోనే, కంటికి కనిపించేంత ముందుకు ఉంటుంది. ఆయాసంతో ఆ ద్వారం పదే పదే తెరుచుకుంటున్నప్పుడు చిమ్మిన గుజ్జు నేరుగా ఊపిరితిత్తిలోకే పోతుంది. పెద్ద డ్రాగన్ కొన్నాళ్లు తినకపోయినా తట్టుకుంటుంది, నీళ్లు లేకపోతే తట్టుకోదు. ముక్కు రంధ్రాలకు దూరంగా పెదవి అంచున ఒక్కో చుక్క వదిలితే నాకుతుంది. నాకకపోతే ఆపేయండి, చర్మం కింద సెలైన్ ఎక్కించడం డాక్టరు పని. తొట్టి స్నానం కూడా ఊపిరి కుదుటపడే దాకా వద్దు, అలసిన జంతువు తల వాల్చేస్తే మునిగిపోవడానికి రెండు వేళ్ల లోతు నీరు కూడా చాలు. అమృతాంజనం, యూకలిప్టస్ నూనె, వేడి నీళ్ల ఆవిరి దగ్గరికే రానివ్వకండి. ఘాటు శ్వాసనాళాన్ని మండిస్తుంది, ఆవిరి కాలుస్తుంది, రెండూ లోపలి గడ్డలను కరిగించవు. కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సిజన్ కాన్సంట్రేటర్ ఇంట్లో ఉందని గొట్టం పెట్టడం కూడా సొంతంగా చేయకూడదు. సరీసృపాలకు ఊపిరి తీయమని చెప్పే ముఖ్యమైన సంకేతం ఆక్సిజన్ తగ్గడమే. ఆక్సిజన్ మరీ ఎక్కువైతే ఊపిరి తీయడమే తగ్గించేస్తాయి.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఊపిరి చప్పుడు వినిపించేలా ఫోనులో ఒక నిమిషం వీడియో తీయండి, క్లినిక్‌లో బెదిరిపోయి అది ఊపిరి తీరు మార్చేస్తుంది. వేడి, తేమ, బల్బుల వాట్లు, యూవీబీ ట్యూబు కొన్న నెల, బరువుల పట్టిక రాసి తీసుకెళ్లండి. థర్మోకోల్ పెట్టెకు గాలి రంధ్రాలు చేసి, గోరువెచ్చటి నీళ్ల సీసాను తువ్వాలులో చుట్టి ఒక పక్కన పెట్టండి. కుక్కలనూ పిల్లులనూ మాత్రమే చూసే డాక్టరు కాకుండా సరీసృపాలు చూసినవారైతే మేలు. అమెరికాలో ఉన్నవారు సరీసృపాలు, ఉభయచరాల పశువైద్యుల సంఘం ఏఆర్‌ఏవీ ద్వారా దగ్గరలోని వారిని వెతుక్కోవచ్చు.

అక్కడ ముందుగా ఎక్స్‌రే తీస్తారు. పై నుంచి ఒకటి చాలదు, పక్క నుంచి తీసినప్పుడే అడుగున చేరిన నీరు, గడ్డలు తెలుస్తాయి. ఆయాసమంతా న్యుమోనియా కాదు కాబట్టి ఈ మెట్టు దాటకూడదు. గుడ్లతో నిండిన ఆడదానికి, మలం గట్టిపడి పేగు మూసుకుపోయినదానికి, కడుపులో కొవ్వు పేరుకున్నదానికి ఊపిరితిత్తులు విచ్చుకునే చోటే ఉండదు. కాల్షియం చాలక ఎముకలు మెత్తబడితే పక్కటెముకల పని చెడుతుంది. గుండె జబ్బులూ ఉంటాయి. ఊపిరితిత్తుల్లో కాపురముండే పెంటాస్టోమిడ్ పరాన్నజీవుల్లో కొన్ని బొద్దింకల ద్వారా బల్లులకు చేరతాయి. వంటింట్లో దొరికిన బొద్దింకను, గోడ మీది బల్లిని దీనికి మేతగా వేయకూడదనడానికి అదొక కారణం. అగామా అడినోవైరస్ ఉన్న డ్రాగన్ పిల్లలు ముందే బలహీనపడి మిగతా జబ్బులకు తేలిగ్గా దొరికిపోతాయి.

బ్యాక్టీరియా అనిపిస్తే శ్వాసనాళంలోకి సన్నటి గొట్టంతో కొద్దిగా సెలైన్ పంపి వెనక్కి లాగి, ఆ నీటిని కల్చర్‌కు పంపుతారు. ఏ సూక్ష్మజీవి, ఏ మందుకు లొంగుతుంది అన్నది అందులో తేలుతుంది. సూడోమొనాస్, క్లెబ్సియెల్లా వంటి గ్రామ్ నెగటివ్ రకం బ్యాక్టీరియా ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి, ఫలితం వచ్చేలోపు చాలామంది సెఫ్టాజిడైమ్ అనే యాంటీబయాటిక్‌తో మొదలుపెడతారు. కిలో బరువుకు 20 మిల్లీగ్రాములు, 72 గంటలకోసారి, ఒంటి ముందు సగంలో కండరంలోకి. సరీసృపం ఒంట్లోంచి ఆ మందు నెమ్మదిగా పోతుంది కనుక అంత ఎడం.

ఆ లెక్క దగ్గరగా చూస్తే ఇంట్లో సొంత వైద్యం ఎందుకు ప్రమాదమో తెలుస్తుంది. 400 గ్రాముల జంతువుకు 8 మిల్లీగ్రాములు చాలు. మందుల షాపులో దొరికే సీసా మనుషుల కోసం చేసిన 1 గ్రాముది, అంటే 125 మోతాదులు. దాన్ని మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు వచ్చేలా కలిపితే ఎక్కించాల్సింది 0.08 మిల్లీలీటరు. అంత తక్కువ కొలవడానికి ఇన్సులిన్ సిరంజి తీస్తారు. మన దేశంలో 100 యూనిట్లవీ 40 యూనిట్లవీ రెండూ అమ్ముతారు. మొదటిదానిలో 8వ గీత దగ్గర 0.08 మిల్లీలీటరు ఉంటుంది, రెండోదానిలో అదే 8వ గీత దగ్గర 0.2 ఉంటుంది. సిరంజి మారితే మందు రెండున్నర రెట్లు పోయినట్టు. డాక్టరు చేతే మోతాదులు విడివిడి సిరంజిల్లో నింపించుకుని ఫ్రీజర్లో పెట్టి, వాడేముందు ఒక్కొక్కటి గుప్పిట్లో కరిగించుకోవడం మంచి పద్ధతి.

ఎన్రోఫ్లాక్సాసిన్ కూడా వాడతారు, కానీ దాని సూది మందు కండరాన్ని కాల్చి పుండు చేయగలదు. ఒంట్లో నీరు తగ్గిన జంతువుకు అమికాసిన్ ఇస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయి. నెబ్యులైజర్ రాస్తే, మూతకు రంధ్రాలు చేసిన ప్లాస్టిక్ డబ్బాలో జంతువును కూర్చోబెట్టి 15, 20 నిమిషాలు పొగమంచు పట్టించాలి. బిందువులు 5 మైక్రాన్ల కంటే చిన్నవైతేనే లోతుకు చేరతాయి, అది ఆవిరి గిన్నెతో జరిగే పని కాదు. అవ్వగానే ఒళ్లు తుడిచి బల్బు కింద పెట్టాలి.

వారం తిరిగేసరికి బుడగలు పోయి, పురుగు కనబడగానే నాలుక చాస్తే మందు ఆపేయాలనిపిస్తుంది. గట్టిపడిన చీము అప్పటికి కరిగి ఉండదు. వైద్యం మూడు నుంచి ఆరు వారాలు నడవడం మామూలు. మధ్యలో ఆపితే బతికి బట్టకట్టిన బ్యాక్టీరియా ఆ మందుకే మొండికేస్తుంది. చివరి మోతాదు అయ్యాక మళ్లీ ఎక్స్‌రే తీయించి, అది శుభ్రంగా ఉందని డాక్టరు చెప్పాకే రాత్రి వేడిని తగ్గించడం మొదలుపెట్టండి. అదీ ఒక్కసారిగా కాదు, నాలుగు రోజులకో డిగ్రీ చొప్పున, బరువు తూచుకుంటూ.