బడిపిల్లల చవక కంప్యూటర్: తెర, కరెంటు, మరమ్మతు

కంప్యూటర్ ధర తగ్గించాలనగానే చాలామంది దృష్టి ప్రాసెసర్ మీదికి వెళుతుంది. 2005 జనవరిలో దావోస్ సదస్సులో ఎం.ఐ.టి. ఆచార్యుడు నికొలస్ నెగ్రొపాంటే, పేద దేశాల పిల్లలకు వంద డాలర్లకే ల్యాప్‌టాప్ తయారుచేస్తామని ప్రకటించిన తరువాత, ఆ పని చేపట్టిన ఇంజనీర్లకు ఎదురైన అసలు చిక్కు మాత్రం తెర. ల్యాప్‌టాప్ భాగాల్లో అప్పట్లో అత్యంత ఖరీదైనది అదే. బ్యాటరీని అన్నిటికన్నా ముందు తాగేసేదీ అదే. కరెంటు సక్రమంగా రాని ఊళ్లలో, చెట్టు కింద కూడా పాఠాలు జరిగే బడుల్లో వాడవలసిన యంత్రానికి ఈ రెండు లోపాలూ ఒకే సమస్యకు రెండు ముఖాలు.

మామూలు రంగుల ఎల్‌సీడీ తెర వెనుక ఒక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. ఆ కాంతి ధ్రువణ పొరల గుండా, ద్రవ స్ఫటికాల గుండా, ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతల గుండా ప్రయాణించి కంటికి చేరేసరికి మొదట బయలుదేరిన దానిలో పదో వంతు కూడా మిగలదు. మిగిలినదంతా తెర లోపలే వేడిగా మారిపోతుంది. అంతా చేసి, ఆ తెరను ఎండలోకి తీసుకెళితే అక్షరం కనిపించదు. ఈ ప్రాజెక్టులో తెర రూపకల్పన బాధ్యత తీసుకున్న మేరీ లూ జెప్సెన్ ఇక్కడే ఒక చక్కని మార్గం కనిపెట్టారు. ప్రతి పిక్సెల్‌నూ రెండు భాగాలుగా విభజించి, ఒక భాగం వెనుక దీపం నుంచి వచ్చే కాంతిని రంగు వడపోత గుండా పంపేలా, రెండో భాగం బయటి వెలుతురును ఏ వడపోతా లేకుండా నేరుగా తిప్పి పంపేలా అమర్చారు. గదిలో దీపం వేసుకుంటే రంగుల బొమ్మ కనిపిస్తుంది. ఎండలో దీపం ఆర్పేస్తే అదే తెర నలుపు తెలుపుల్లో, అచ్చుపుస్తకం పేజీకి దగ్గరగా వచ్చేంత స్పష్టతతో కనిపిస్తుంది. ఏడున్నర అంగుళాల ఆ తెర మీద నలుపు తెలుపుల్లో అడ్డంగా 1200, నిలువుగా 900 చుక్కలు ఉంటాయి. దీపం వెలిగినప్పుడు దాదాపు ఒక వాటు ఖర్చు చేసే తెర, దీపం ఆర్పితే అందులో పదో వంతుతో సరిపెట్టుకుంటుంది. ఇదంతా ఎల్‌సీడీ కర్మాగారాల్లో అప్పటికే ఉన్న యంత్రాలతోనే సాధ్యం కావడం మరీ ముఖ్యం. కొత్త కర్మాగారం కట్టవలసి వచ్చి ఉంటే చవక అన్న మాటకే తావుండేది కాదు.

తెర తరువాతి మెట్టు ప్రాసెసర్ నిద్ర. పిల్లవాడు ఒక పేజీ చదువుతున్నంతసేపూ ప్రాసెసర్‌కు నిజానికి పనేమీ లేదు. అయినా మామూలు కంప్యూటర్‌లో తెర మీది బొమ్మను క్షణక్షణం తిరిగి గీయడం కోసం అది మేలుకుని ఉండాలి. ఎక్స్‌ఓ అని పేరు పెట్టిన ఈ ల్యాప్‌టాప్‌లో ఆ ఒక్క పని కోసం విడిగా చిన్న చిప్ పెట్టారు. ప్రాసెసర్ నిద్రపోయినా బొమ్మ తెర మీద నిలిచే ఉంటుంది, మీట నొక్కగానే ప్రాసెసర్ మేలుకుంటుంది. ఈ సదుపాయాన్ని పూర్తిగా వాడుకునే సాఫ్ట్‌వేర్ సిద్ధం కావడానికి యంత్రం విడుదలైన తరువాత కూడా చాలా సమయం పట్టినా, ఆలోచన మాత్రం ఎంతో విలువైనది. 433 మెగాహెర్ట్జ్ వేగం గల ప్రాసెసర్, 256 మెగాబైట్ల మెమరీ, తిరిగే హార్డ్ డిస్కుకు బదులు ఒక గిగాబైట్ ఫ్లాష్ మెమరీ, గాలికోసం పంకా అవసరం లేని అమరిక, దుమ్మూ నీళ్లూ లోపలికి పోకుండా రబ్బరు పొర కప్పిన కీబోర్డు, ఇవన్నీ కలిసి ఆ యంత్రాన్ని కొన్ని వాట్లతోనే నడిపించాయి. బ్యాటరీకి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రసాయనాన్ని ఎంచుకోవడం కూడా అంతే దూరదృష్టితో చేసిన పని. అది సులభంగా మంటలంటుకోదు, సుమారు రెండువేల సార్లు ఛార్జి చేసినా పనికొస్తుంది.

2005 నవంబరులో ట్యూనిస్ సదస్సులో చూపించిన మొదటి నమూనాకు పక్కన ఒక చేతిపిడి ఉండేది. దాన్ని తిప్పితే కరెంటు పుడుతుందని చెప్పారు. ఆ పిడి ప్రపంచమంతా పత్రికల్లో ఎక్కింది గానీ అసలు యంత్రంలో చోటు దక్కించుకోలేదు. తిప్పేటప్పుడు పడే బలానికి పెట్టె తట్టుకోవడం కష్టమని గ్రహించి దాన్ని తొలగించారు. కరెంటు తయారీని బయటి పరికరాలకు, సౌర పలకలకు వదిలేసి, వాడకాన్ని తగ్గించడం మీద శ్రమ పెట్టడం సరైన నిర్ణయమని నా అభిప్రాయం.

ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి సమాచారం చేతులు మారుతూ వెళ్లే వైర్‌లెస్ వల కూడా ఇందులో ఉండేది. ఇంటర్నెట్ కనెక్షన్‌కు దూరంగా ఉన్న పిల్లవాడి ల్యాప్‌టాప్‌కు మధ్యలో ఉన్నవాళ్ల ల్యాప్‌టాప్‌లే దారి చూపాలన్నది ఉద్దేశం. కాగితం మీద ఎంతో అందంగా ఉన్న ఈ ఏర్పాటు, ఒకే గదిలో పదుల యంత్రాలు ఒకేసారి పనిచేయబోతే రద్దీకి తట్టుకోలేకపోయింది. చెదురుమదురుగా ఉన్న ఇళ్లను ఊహించుకుని చేసిన రూపకల్పనకు కిక్కిరిసిన తరగతి గదిలో పరీక్ష ఎదురైంది.

ఇక ధర. 2007 చివరలో క్వాంటా సంస్థ పెద్ద ఎత్తున తయారీ మొదలుపెట్టేనాటికి ఒక్కో ల్యాప్‌టాప్ దాదాపు 188 డాలర్లు పడింది. వంద డాలర్ల లెక్క, ప్రభుత్వాలు లక్షల సంఖ్యలో ఒక్కసారిగా కొంటాయన్న నమ్మకం మీద ఆధారపడింది. చిప్‌లైనా తెరలైనా అచ్చు తయారీకీ రూపకల్పనకూ అయ్యే ఖర్చు ముందే పెట్టవలసి ఉంటుంది. ఎన్ని ఎక్కువ చేస్తే ఒక్కోదాని మీద ఆ భారం అంత తగ్గుతుంది. మాటలు ఇచ్చిన దేశాల్లో చాలావాటి నుంచి కొనుగోలు పత్రాలు రాలేదు. అదే సంవత్సరం అసూస్ సంస్థ ‘ఈ పీసీ’ (Eee PC) అనే చిన్న ల్యాప్‌టాప్‌ను విడుదల చేయడం, ఇంటెల్ తన క్లాస్‌మేట్ పీసీతో పోటీకి దిగడం వల్ల చవక ల్యాప్‌టాప్‌లకు ఒక మార్కెట్టే ఏర్పడింది. వంద డాలర్ల గురి తప్పినా, తక్కువ ధర యంత్రం చేయడం చేతకాని పని కాదని పరిశ్రమకు తెలిసివచ్చింది.

భారతదేశంలో ఇంతకు ముందే ఒక ప్రయత్నం జరిగింది. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ శాస్త్రవేత్తలు కొందరు రూపొందించిన సింప్యూటర్‌లో, ఒక్కొక్కరి సమాచారం ఒక్కో స్మార్ట్ కార్డులో ఉంటే యంత్రాన్ని ఊరంతా పంచుకోవచ్చన్న ఆలోచన ఉంది. అది విస్తృతంగా అమ్ముడుపోలేదు. 2011 అక్టోబరులో వచ్చిన ఆకాశ్ టాబ్లెట్ మరో దారి పట్టింది. దాని ధర నిజంగానే 50 డాలర్ల దగ్గరికి దిగింది గానీ, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, వేలితో గట్టిగా నొక్కితేగానీ స్పందించని తెర, త్వరగా అయిపోయే బ్యాటరీ వాడేవారిని నిరాశపరిచాయి. మరుసటి సంవత్సరమే మెరుగైన రెండో రూపం తీసుకురావలసి వచ్చింది.

2012 ఫిబ్రవరి 29న అమ్మకానికి వచ్చిన రాస్ప్‌బెరీ పై ఈ చిక్కును పూర్తిగా వేరే వైపు నుంచి విప్పింది. ఎబెన్ అప్టన్, ఆయన సహచరులు బ్రిటన్ పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పాలని చేసిన ఈ బోర్డులో తెర లేదు, కీబోర్డు లేదు, పెట్టె కూడా లేదు. టీవీని తెరగా, ఫోన్ ఛార్జర్ లాంటిదాన్ని కరెంటుకు, మెమరీ కార్డును నిల్వకు వాడుకోవాలి. ఖరీదైన భాగాలన్నీ వాడేవారి దగ్గర ముందే ఉన్నాయన్న అంచనాతో 35 డాలర్ల ధర సాధ్యమైంది. 2015లో వచ్చిన జీరో నమూనా 5 డాలర్లకే దొరికింది. ఇంట్లో టీవీ లేని పిల్లవాడికి మాత్రం ఆ ధర అసలు ధర కాదు.

ధర దించడం ఒక ఎత్తు, చదువు రావడం మరో ఎత్తు. పెరూలో ఎక్స్‌ఓ ల్యాప్‌టాప్‌లు అందుకున్న గ్రామీణ పాఠశాలల మీద అమెరికా ఖండాల అభివృద్ధి బ్యాంకు పరిశోధకులు 319 బడులను తీసుకుని జరిపిన అధ్యయనం 2012లో వెలువడింది. పిల్లల చేతుల్లో యంత్రాలు ఎన్నో రెట్లు పెరిగాయి, వాళ్లు వాటిని వాడారు కూడా. కానీ గణితంలోనూ భాషలోనూ మార్కులు పెరిగిన దాఖలా కనిపించలేదు. సాధారణ తర్కశక్తిని కొలిచే పరీక్షల్లో కొంత మెరుగుదల కనిపించింది. ఆ బడుల్లో చాలావాటికి ఇంటర్నెట్ లేదు, యంత్రంతో పాఠం ఎలా చెప్పాలో ఉపాధ్యాయులకు తగినంత శిక్షణ అందలేదు. దీన్ని యంత్రం వైఫల్యంగా కొందరు చదివారు. నాకైతే, ఉపాధ్యాయుడిని పక్కన పెట్టి పిల్లవాడికి నేరుగా యంత్రం ఇస్తే చాలనుకున్న సిద్ధాంతం దగ్గరే పొరపాటు కనిపిస్తుంది.

ఉరుగ్వే అదే యంత్రంతో వేరే దారిలో నడిచింది. 2007లో ఒక చిన్న ఊరిలో మొదలుపెట్టి, 2009 నాటికి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల పిల్లలందరికీ ల్యాప్‌టాప్‌లు అందించిన ప్లాన్ సేబల్ అనే ప్రభుత్వ పథకం, యంత్రాలతో పాటు బడులకు ఇంటర్నెట్‌ను, మరమ్మతు వ్యవస్థను, ఉపాధ్యాయ శిక్షణను కూడా నిర్మించుకుంది. తరువాత అదే ఏర్పాటు మీద వీడియో ద్వారా ఇంగ్లీషు పాఠాలు మొదలుపెట్టారు. చిన్న దేశం, సమతల భూమి, స్థిరమైన ప్రభుత్వం దానికి కలిసొచ్చిన మాట నిజమే. అయినా ఖర్చును వాళ్లు కొన్న రోజుతో ఆపలేదు.

చవకతనాన్ని కొలవవలసింది ఇలాగే. ఉదాహరణకు 200 డాలర్ల యంత్రం ఐదేళ్లు పనిచేస్తే ఏడాదికి 40 డాలర్లు పడుతుంది. 50 డాలర్ల యంత్రం ఏడాదికే మూలన పడితే అదే ఎక్కువ ఖరీదు. ఎక్స్‌ఓను మామూలు స్క్రూడ్రైవర్‌తో విప్పవచ్చు, పోగొట్టుకుంటే వాడుకోవడానికి కొన్ని స్క్రూలను దాని పిడిలోనే దాచిపెట్టారు. ఈ రోజు చేతికొస్తున్న చవక టాబ్లెట్లలో చాలావాటికి బ్యాటరీ జిగురుతో అతికించి ఉంటుంది. బ్యాటరీ బలహీనపడితే మిగతా అంతా బాగున్నా పారేయక తప్పదు. బడుల కోసం కొనే ప్రభుత్వాలు టెండరులో ప్రాసెసర్ వేగానికి ఇచ్చే చోటు, విడిభాగాల లభ్యతకూ బ్యాటరీ మార్చే వీలుకూ ఇస్తే తయారీదారులు మారక తప్పదు.

ఇంటర్నెట్ లేని బడుల కోసం ఇప్పుడు ఒక సాదా పరిష్కారం ప్రచారంలో ఉంది. రాస్ప్‌బెరీ పై లాంటి చిన్న బోర్డులో పెద్ద మెమరీ కార్డు పెట్టి, ఇంటర్నెట్ లేకుండానే పనిచేసే కివిక్స్, కోలిబ్రి అనే సాఫ్ట్‌వేర్లలో మొదటిదాని ద్వారా వికీపీడియాను, రెండోదాని ద్వారా పాఠాలను, అభ్యాసాలను అందులో నింపి, గదిలోని పరికరాలకు వైఫై ద్వారా పంచుతారు. పాత ఫోన్లయినా, ఎవరో ఇచ్చిన ల్యాప్‌టాప్‌లయినా దానికి తగులుకోవచ్చు. ఒక కార్డులో ఇంగ్లీషు వికీపీడియా మొత్తం పట్టేస్తుంది. ఆఫ్రికా, ఆసియాల్లోని ఎన్నో భాషల్లో మాత్రం అందులో నింపడానికి రాసి ఉన్న పాఠాలే తక్కువ. ఆ పాఠాలు రాసే ఉపాధ్యాయులకు, అనువాదకులకు జీతం ఏ యంత్రం ధరలోనూ కలిసి ఉండదు కాబట్టి, దాన్ని బడ్జెట్‌లో విడిగా చూపించవలసిందే.