పడిపోయిన చేను, కనబడని గాలి

"మాస్టారూ, అంత దూరంలో అయస్కాంత క్షేత్రం ఉందని ఎలా తెలిసింది? దిక్సూచి పట్టుకుని ఎవరైనా వెళ్లొచ్చారా?"

పర్లాకిమిడిలో నా దగ్గర ట్యూషన్‌కొచ్చే కుర్రాడి ప్రశ్న ఇది. వాడి ఫోన్‌లో ఎం87 గెలాక్సీ బొమ్మ ఉంది, నడిమధ్య నుంచి స్కేలు పెట్టి గీసినట్టు ఒక ధార (జెట్), అక్కడి కృష్ణబిలం దగ్గర నుంచి చిమ్ముకొచ్చే పదార్థం. 1918లో ఖగోళ శాస్త్రవేత్త హీబర్ కర్టిస్ గమనించిన గీత అదే. కృష్ణబిలాల కథ మీరు బోలెడుసార్లు చదివుంటారు, వదిలేస్తున్నా.

వాడికి తిత్లీ తుపాను గుర్తుచేశాను. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లాని ఊడ్చిపెట్టేసింది. (శని వక్రించాడని మా వీధిలో ఒకాయన తేల్చేశాడు. శనికి అంత తీరికెక్కడిది?) తెరిపిచ్చాక చేలోకి వెళ్తే ఆకు కదలడం లేదు. కానీ మెరక మడిలో వరంతా దువ్వెనతో దువ్వినట్టు ఒకే వైపు పడుంది. తోపు వెనక మడిలో మాత్రం దుబ్బుకో దిక్కు. అక్కడ గాలి సుడి తిరిగిందన్నమాట.

అయస్కాంత క్షేత్రం ఆ గాలి. కాంతి ఊగే దిశ వరి వాలు. ఊపులన్నీ ఒకే వరసకొస్తే దాన్ని ధ్రువణం అంటాం. ఆ మాట వినగానే పిల్లలు ఉత్తర దక్షిణ ధ్రువాలకి వెళ్లిపోతారు, వెనక్కి లాక్కురావడానికి నాకో పీరియడ్ పడుతుంది.

ధారలో ఎలక్ట్రాన్లు దాదాపు కాంతి వేగంతో క్షేత్ర రేఖల చుట్టూ మెలికలు తిరుగుతూ సింక్రోట్రాన్ కాంతిని వెదజల్లుతాయి. ఒక్క తేడా: వరి గాలివాటున పడుతుంది, ఈ కాంతి విద్యుత్ కంపనం క్షేత్రానికి అడ్డంగా ఉంటుంది. క్షేత్రమంతా ఒకే వరసలో ఉంటే ధ్రువణం 70 శాతం దాటగలదు. సుళ్లుంటే ఒక వాలుని ఇంకోటి చెరిపేస్తుంది. 1956లో ఖగోళ శాస్త్రవేత్త వాల్టర్ బాడే ఎం87 ధార కాంతిలో ఈ వాలు పట్టుకున్నాడు. అది మామూలు వేడికి వెలిగే వాయువైతే అంత వాలు ఉండదు.

నాకు మరీ ఇష్టమైంది మార్కేరియన్ 501 అనే ఇంకో గెలాక్సీ. దాని ధార దాదాపు మన వైపే గురిపెట్టి ఉంది. 2022 మార్చిలో ఎక్స్ కిరణాల ధ్రువణాన్ని కొలిచే నాసా వారి ఐఎక్స్‌పీఈ ఉపగ్రహం చూస్తే ఎక్స్ కిరణాల్లో ధ్రువణం 10 శాతం దాకా ఉంది. మామూలు కాంతిలో అందులో సగం, రేడియోలో ఇంకా తక్కువ. ఎందుకు? ధారలో ఒకచోట అఘాత తరంగం (షాక్ వేవ్) గట్టులా అడ్డుంది, ఎలక్ట్రాన్లు ఊపందుకునేది అక్కడే. ఎక్స్ కిరణాలిచ్చే ఎలక్ట్రాన్లు చురుకైనవి, శక్తంతా గట్టు పక్కనే ఖర్చుపెట్టేస్తాయి. కాబట్టి ఎక్స్ కిరణాల్లో మనకి కనిపించేది గట్టు కిందున్న ఒక్క మడి, వాలంతా ఒకటే. మందకొడివి కొట్టుకుపోయి దూరదూరాన వెలుగుతాయి. వాటితో చూస్తే ఊరి పొలమంతా ఒకేసారి చూసినట్టు, సుళ్లు పడ్డ మడులతో సహా. పైగా ధ్రువణం ధార వెంబడే ఉంది, అంటే క్షేత్రం ధారకి అడ్డంగా ఉందని అర్థం. గడ్డిమేటు తొక్కితే నిలువు పరకలు కూడా పడక వేస్తాయి కదా, అఘాతం క్షేత్రాన్ని అలాగే అణిచింది.

అంతా విన్నాక వాడు బరంపురంలో కొన్న చలవ కళ్లద్దాలు తీశాడు. పోలరాయిడ్‌వేనని, అంటే ఒకే వాలు కాంతిని రానిచ్చేవేనని, అమ్మినవాడు ఒట్టేశాడట. ఫోన్ ముందు పెట్టి మెల్లగా తిప్పాడు. ఎం87 ధార మసకబారి, చివరికి నల్లబడిపోయింది.

"మాస్టారూ, దొరికింది!" అని అరిచాడు.

"గెలాక్సీది కాదురా, అది నీ ఫోన్ తెరది."