పెంటకుప్పలో పుట్టని దోమ

వానలు మొదలయ్యాయంటే పంచాయతీ ట్రాక్టరు మైకులో ఒకటే మాట: చెత్త తీసేయండి, మలేరియా వస్తుంది. మాట మంచిదే. కానీ మలేరియా దోమ పెంటకుప్పలో పుట్టదు. మురిక్కాలవలో ఎక్కువగా పెరిగేది బోదకాలు తెచ్చే క్యూలెక్స్. పాత టైరులో, కొబ్బరి చిప్పలో, తాగి పారేసిన టీ కప్పులో పెరిగేది డెంగీ తెచ్చే ఏడిస్. మన పల్లెల్లో మలేరియాను మోసే అనాఫిలిస్‌కు కాస్త శుభ్రమైన నీళ్లే కావాలి. ఈ తేడా తెలియక, మలేరియాను మోసేది దోమేనని తేల్చిన డాక్టరు రొనాల్డ్ రాస్ అంతటివాడే దాదాపు రెండేళ్లు వేరే జాతి దోమల్ని కోస్తూ కూర్చున్నాడు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో ఓ మచ్చరెక్కల దోమ, అంటే అనాఫిలిస్, పొట్టలో గానీ ఆయనకు మలేరియా క్రిమి గుట్టు దొరకలేదు.

మరి ఇంటి చెత్త ఏం చేస్తుంది? నీటికి అడ్డం పడుతుంది. పాడేరు ఏజెన్సీలో ఊరి పక్కనే పారే గెడ్డలు, అంటే కొండవాగులు, ఉంటాయి. వడిగా పారే నీళ్లలో లార్వా, అంటే గుడ్డులోంచి వచ్చిన దోమపిల్ల, నిలవలేదు. కవర్లు, పాత గుడ్డలు తూము దగ్గర పేరుకున్నాయా, నీళ్లు పక్కకు తన్ని ఎండ తగిలే మడుగులు కడతాయి. జానెడు లోతు చాలు. వేడి వాతావరణంలో గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. నిలవ నీళ్లు పారబోసి ఆరబెట్టే డ్రై డేను వారానికోసారి పెట్టింది ఈ లెక్కతోనే.

తెల్ల గిన్నెతో మడుగు అంచున నీళ్లు ముంచి చూడండి. లార్వా తలకిందులుగా వేలాడుతుంటే క్యూలెక్సో, ఏడిసో. నీటి మీద పుల్లముక్కలా అడ్డంగా పడుకుంటే అనాఫిలిస్. దానికి తోక దగ్గర గాలిగొట్టం ఉండదు, అలా పడుకునే ఊపిరి తీసుకోవాలి. మీ నీడ పడితే చటుక్కున మునుగుతుంది, కాసేపాగితే మళ్లీ తేలుతుంది.

మట్టి తవ్విన గుంటలూ ఇలాంటివే. వాటిని చెత్తతో పూడ్చేద్దామనుకుంటారు గానీ, అది కుదురుకోదు, పైన మళ్లీ నీళ్లు నిలుస్తాయి. తేలే కప్పులతో డెంగీ దోమకూ చోటిచ్చినట్టవుతుంది. మట్టీ రాళ్లతోనే పూడ్చాలి. పూడ్చలేని గుంటలో లార్వాను తినే గంబూసియా చేపలు వదులుతారు, చెత్తా నాచూ దట్టంగా ఉంటే అవీ లార్వాను అందుకోలేవు.

ఇంతకీ ఆ మట్టి తవ్వేది ఇల్లు అలకడానికే. అక్కడా ఓ తిరకాసుంది. కుట్టిన దోమ గోడ మీద వాలుతుందనే గోడలకు మందు కొడతారు. ఆ తర్వాత అలికితే మందు కాస్తా మట్టి కింద పడిపోతుంది. అలుకు పనేదో మందు కొట్టేవాళ్లు రాకముందే కానిచ్చుకోవాలి.