ఫ్యూటా అంటే మనిషికి 42 డాలర్లేనా?

2025 జనవరిలో ఒకరోజు రాత్రి పదింటికి ఫోన్. కాలిఫోర్నియాలో టిఫిన్ సెంటర్ నడిపే నా క్లయింటు. “అన్నా, పేరోల్ వాళ్ళు అకౌంట్లోంచి 1,260 డాలర్లు అదనంగా లాగేశారు. ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) పెనాల్టీ వేసిందా? ఆడిట్‌కి వస్తారా?” వెనక గ్రైండర్ మోత. మనిషి గొంతులో వణుకు.

పెనాల్టీ కాదు, ఆయన తప్పూ లేదు. అది ఫ్యూటా, అంటే అమెరికాలో ఒక్కో ఉద్యోగికీ యజమాని కట్టే ఫెడరల్ నిరుద్యోగ పన్ను. అప్పు చేసింది కాలిఫోర్నియా.

అపోహ: ఫ్యూటా మనిషికి 42 డాలర్లు, ఎప్పుడూ అంతే.

ఏటా జనవరిలో ఈ మాట విని విసుగొచ్చింది. అసలు రేటు 6 శాతం, ఒక్కో ఉద్యోగి మొదటి 7,000 డాలర్ల జీతం మీద. అంటే 420. స్టేట్ అన్‌ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ సకాలంలో కడితే 5.4 శాతం క్రెడిట్ ఇస్తారు కాబట్టి 42 మిగులుతుంది. ఆ క్రెడిట్‌కి కోత పడొచ్చు. నిరుద్యోగ భృతి ఇవ్వడానికి స్టేట్ దగ్గర డబ్బు అయిపోతే ఫెడరల్ నుంచి అప్పు తెస్తుంది. వరుసగా రెండు జనవరి ఒకటో తేదీల్లో ఆ బాకీ ఉండి, రెండో ఏడాది నవంబర్ 10లోపు తీరకపోతే 0.3 శాతం కోత. తీరనన్నాళ్ళూ మామూలుగా ఏటా మరో 0.3. కోవిడ్‌లో చేసిన అప్పుకి కాలిఫోర్నియాలో 2022లో 0.3, 2023లో 0.6, 2024లో 0.9 పడింది. అంటే 2024కి 42కి, 7,000 మీద 0.9 శాతమైన 63 కలిపి మనిషికి 105.

హోటళ్ళ వాళ్ళకి దెబ్బ తగిలేది ఇక్కడే. 7,000 లెక్క ఉద్యోగానికి కాదు, మనిషికి. ఆయన కిచెన్‌లో ఎప్పుడు చూసినా ఎనిమిది మందే, కానీ ఏడాదిలో వచ్చి వెళ్ళినవాళ్ళతో కలిపి డబ్ల్యూ-2లు (ఒక్కో ఉద్యోగికి ఏడాది చివర ఇచ్చే జీతం ఫారాలు) ఇరవై. అందరూ 7,000 దాటినవాళ్ళే. 840 అనుకున్నది 2,100 అయింది. పైగా కోత మొత్తం నాలుగో క్వార్టర్ డిపాజిట్‌తో, జనవరి 31లోపు ఒకేసారి కట్టాలి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. స్టేట్ రేటు తక్కువుంటే క్రెడిట్ తగ్గుతుందా? తగ్గదు, మీ రేటు 1.5 అయినా 5.4 వస్తుంది. తీసేసిన ఉద్యోగి నిరుద్యోగ భృతికి క్లెయిమ్ వేస్తే? పెరిగేది స్టేట్ రేటు, ఫ్యూటా కాదు. స్టేట్‌కి లేటుగా కడితే? ఫారం 940 (ఫ్యూటా వార్షిక రిటర్న్) గడువు దాటాక కట్టిన భాగానికి 90 శాతమే క్రెడిట్. అసలు కట్టకపోతే ఆ భాగం పోయినట్టే.

ఇంకొకటి. ఒక కన్సల్టెన్సీలో హెచ్-1బీ మీద చేసే కుర్రాడు పే స్టబ్ చూపించాడు, అందులో ఫ్యూటా కట్ చేశారు! అది ఎంప్లాయర్ జేబులోంచి కట్టాల్సింది, ఉద్యోగి జీతంలోంచి పైసా తీయకూడదు. వాళ్ళకి ఫోన్ చేసి తిరిగి ఇప్పించాను.

టిఫిన్ సెంటర్ ఆయన 2025లో, కోత మరో 0.3 పెరుగుతుందని లెక్కేసుకుని, కొత్త మనిషి చేరిన రోజే 130 డాలర్లు వేరే అకౌంట్లో వేశారు.